నేదమ్మ అనే పేరు

మొన్న విజయనగరం నుంచి వస్తుంటే బస్సులో నా వెనక సీట్లో ఒకావిడ ఫోనులో గట్టిగా అరుస్తోంది.

“ఓ నేదమ్మొదినా! ఇనబడతన్నాదా? ఓ నేదమ్మొదినా!”

పక్కవాళ్ళు ఆ అరుపుకి విసుక్కుంటున్నారు. నేను మాత్రం ఆ పేరు మళ్ళీ వినబడుతుందేమోనని చెవులప్పగించాను. ఆవిడ ఫోను పెట్టేశాక వెనక్కి తిరిగి, “మీ వదినగారిది ఏ ఊరమ్మా?” అని అడిగాను. కళింగపట్నం అవతల ఏదో పేట పేరు చెప్పింది. నేనెప్పుడూ చూడని ఊరు. ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుసా అంటే నవ్వేసింది.

“ఏటో పాతకాలం పేరండి. మా పిల్లలు ఏలాకోలం ఆడతారు. ఇప్పుడెవులెడతారు అలాటి పేర్లు!”

నేనింకేమీ అడగలేదు. ఆ పేరు మా ఇంట్లో పుట్టింది. అది పుట్టిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను, భయంతో గోడకి అంటుకుపోయి.

మా పేట భోగాపురం దగ్గర సముద్రపొడ్డున ఉండేది. ఇసక మీద తాటాకు ఇళ్ళు, వంగి లోపలికి పోవాల్సినంత కిందికి దిగిన చూర్లు. ఎండిన నెత్తళ్ళ చేపల వాసన, వానకి తడిసిన తాటాకు వాసన, వలలకి పట్టించే చెక్క కషాయం వాసన, ఇవన్నీ కలిసి మా ఒంటికే పట్టి ఉండేవి. భోగాపురం సంతకి వెళితే రైతుల పిల్లలు ముక్కు మూసుకునేవారు. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆ కాల్చిన చేప తోక కరకరలాడుతూ నోట్లో పొడైపోతుంటే దాని ముందు ఇప్పటి పిండివంటలేవీ నాకు ఆనవు.

ఇంట్లో నాయనమ్మ, అయ్య, అమ్మ, నేను. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో. నా తరవాత పుట్టిన ఇద్దరు తమ్ముళ్ళూ నెల తిరక్కుండానే పోయారు. మొదటివాడు నాకు గుర్తులేడు. రెండోవాడు గుర్తున్నాడు. పొద్దున పాలు తాగినవాడు మధ్యాహ్నానికి నోరు తెరవలేదు. దవడలు బిగుసుకుపోయాయి. ఎవరైనా తాకితే చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. అమ్మ వేలితో పెదాలు విడదీసి పాలచుక్కలు వేస్తే అవి పక్కనించి కారిపోయాయి. వాణ్ణి సరుగుడు తోటలో గోతిలో పెట్టి పైన ఉప్పు పోశారు. ఆ తోటలో గాలి ఎప్పుడూ ఈలేసినట్టు మోగేది. నేనటు వైపు వెళ్ళడం మానేశాను.

మా పేటలో దాన్ని రోగమనేవారు కాదు. పిలుపు అనేవారు. “ఆ ఇంటికి పిలుపొచ్చినాది” అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. చేపలు కోస్తూ నాయనమ్మ చెప్పేది.

“పొద్దు గూకినాక ఒడ్డమ్మట ఒకర్తి నడుస్తాది. దాని పిల్లలందరూ నీళ్ళల్లో పోనారు. అందుకే మందిపిల్లల కోసం తిరుగుతాది. ఏ ఇంట పసిగుంట పేరు ఇనబడితే ఆ పేరు నేర్సీసుకుంటాది. మరోదినం గుమ్మం కాడికొచ్చి ఆ పేరెట్టి పిలుస్తాది. ఆ గుంట దాని ఎంట ఎల్లిపోద్ది.”

అందుకని పొద్దు వాలితే పేటలో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. తల్లులు చప్పట్లు కొట్టి పిల్లల్ని ఇంటికి రప్పించుకునేవారు. మాకదో ఆటగా ఉండేది. మా మావ కొడుకు, నా కంటే కాస్త పెద్ద, వాణ్ణి బావా అనేదాన్ని. వాడూ నేనూ కలిసి ఎండబెట్టిన నెత్తళ్ళు గుప్పెళ్ళతో దొంగిలించి, సరుగుడాకు మంట మీద వేయించుకు తినేవాళ్ళం. కావలి ఉన్న ముసలమ్మ లేచిందంటే వాడు రెండు చప్పట్లు కొట్టేవాడు, నేను పరుగు.

ఒక సాయంత్రం వాడు బోర్లించిన తెప్ప చాటున దాక్కుని, గొంతు సన్నం చేసి ఆడమనిషిలా నా పేరు పిలిచాడు. వాడేనని నాకు తెలుసు. నవ్వుతూ “ఓయ్” అనబోయాను. ఆ మాట బయటికి రాకముందే వెనకనించి ఒక చెయ్యి వచ్చి నా నోరు మూసేసింది. చేప పొలుసు అంటిన చెయ్యి. నాయనమ్మ. ఊపిరాడనంత గట్టిగా నొక్కింది. వీపు మీద నాలుగు పడతాయనుకున్నాను. కొట్టలేదు. నోరు వదలకుండానే నన్ను ఇంట్లోకి ఈడ్చుకెళ్ళి, తడిక మూసి కర్ర అడ్డం పెట్టింది.

అప్పటిదాకా ఆ పిలుపు మాట పిల్లల్ని అదుపులో పెట్టడానికి పెద్దవాళ్ళు చెప్పేదే అనుకున్నాను. తుఫానులో తెప్ప తిరగబడితే ఈదుకొచ్చిన మనిషి మా నాయనమ్మ. ఆవిడకే అంత భయమని ఆ రోజు తెలిసింది. దాంతో నా ధైర్యం పోయింది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పేటలో పసిపిల్లలు వరసగా పోయారు. మాకు పడమటి వైపు ఇంట్లో ఒక అత్త ఉండేది. మాకు దగ్గరి చుట్టమేం కాదు, వరసకి అత్త. ఉడికించిన పీతల కాళ్ళు పళ్ళతో చితక్కొట్టి నా చేతిలో పెట్టేది. పెళ్ళయిన చాన్నాళ్ళకి ఆవిడకి మగపిల్లాడు పుట్టాడు. ఆ ఇంటి మావయ్య ఆనందం పట్టలేక డప్పులు పెట్టించాడు, బెల్లం పరమాన్నం వండించాడు. ఊయల్లో వేసి తన తండ్రి పేరు పేటంతా వినబడేలా పిలిచాడు. నాయనమ్మ పరమాన్నం ముట్టలేదు. “ఎందుకంత అరుపు” అంటూ ఇంటికొచ్చేసింది. వారం తిరగలేదు, ఆ పిల్లాడి దవడలు బిగుసుకున్నాయి.

ఆ తరవాత పడమటింటి అత్తతో ఎవరూ మాట్లాడలేదు. పిలుపు ఆవిడకి అంటుకుని ఉంటుందని భయం. ఆవిడ నూతికి వస్తే కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు కడవలు అక్కడే వదిలేసి పోయేవారు. అమ్మకి నెలలు నిండుతున్నాయి. “ఆ ఏపు సూడకు. ఆయమ్మేటిచ్చినా తీసుకోకు” అని నాకు చెప్పింది. నేను తలూపాను. ఒకరోజు ఆవిడ గుమ్మంలో కూచుని నాకేసి చేయి చాపింది, పీతకాలు పట్టుకుని. నేను తల వంచుకుని పోయాను.

అమ్మకి నొప్పులు వచ్చిన రోజు ముసురు పట్టి ఉంది. తెప్పలు సముద్రం మీదికి వెళ్ళలేదు. అయ్య మంత్రసాని కోసం బయల్దేరితే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“దానికి సెప్తే పేటంతా సెప్పినట్టే. నానే సూసుకుంటాను.”

కత్తి తీసి పొయ్యి నిప్పుల్లో గుచ్చింది. “దీని మీద ఏ దెయ్యం కూకున్నా మాడి సావాల” అంటూ ఎర్రగా కాలేదాకా ఉంచింది. నన్ను గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. అమ్మ పంటి మధ్య గుడ్డ పెట్టుకుంది, అరవలేదు. మధ్యాహ్నానికి చిన్న కీచు ఒకటి వినబడింది. ఆడపిల్ల.

నాయనమ్మ పిల్లని తుడిచి, మెత్తటి పాత చీరలో చుట్టి, చేపల గంప బోర్లించి దాని కింద పెట్టింది. గాలి ఆడేందుకు ఒక పక్క రాయి ఎత్తు పెట్టింది. తరవాత అయ్యతో గుసగుసగా చెప్పింది.

“ఒరే, పిల్ల నేదు. తెలిసినాదా? సచ్చి పుట్టినాది. ఎవులడిగినా నేదమ్మా, నేదు అనాల. అది వింటాది. ఇక్కడేటీ నేదనుకుని ఎల్లిపోద్ది.”

మా వైపు ‘లేదు’ని నేదు అంటారు. నాయనమ్మ ఒక తాటి మొద్దు ముక్కని గుడ్డలో చుట్టి అయ్య చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని నిజంగా పసిబిడ్డనే ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకున్నాడు. వానలో సరుగుడు తోట వైపు నడిచాడు. నాయనమ్మ వెనకాలే గుండెలు బాదుకుంటూ వెళ్ళింది.

వెళ్ళేముందు అమ్మని గుమ్మంలో కూచోబెట్టింది. “ఏడవ్వే. పేటంతా ఇనాల.”

అమ్మ మొదట ఊరికే గొంతు తీసింది. రాగం కుదరలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వానలో తడుస్తూ వచ్చి చుట్టూ చేరారు. అప్పుడేమయిందో, అమ్మ పోయిన నా తమ్ముళ్ళిద్దర్నీ తలుచుకుని ఏడవడం మొదలుపెట్టింది. పాలు తాగని నోరు, ఉప్పు పోసిన గొయ్యి, ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చింది. వాళ్ళు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నాయనమ్మ తిరిగొచ్చి “సాలు, ఇంక సాలు” అన్నా ఆగలేదు. నాలుగడుగుల దూరంలో గంప కింద బతికున్న పిల్ల. ఇటు ఆ ఏడుపు. ఏది నిజమో తెలియక నేను గంప అంచుని పట్టుకుని కూచున్నాను.

ఆ రోజు నుంచి నాకొక పని పడింది. చెల్లి ఏడిస్తే, ఆ ఏడుపు బయటికి పోకుండా నేను అంతకంటే పెద్దగా ఏడవాలి. “గుంట తమ్ముడో సెల్లో కావాలని బెంగెట్టుకున్నాది” అని నాయనమ్మ బయట చెప్పుకొచ్చేది. మొదట్లో ఏడుపు నటించేదాన్ని. పోనుపోను నటించక్కర్లేకపోయింది. గంప కింద కీచుమంటే చాలు, నా కళ్ళలోంచి నీళ్ళు కారేవి. చెల్లి చప్పుడు లేకుండా పడుకుంటే ఇంకా భయం. గంప ఎత్తి, దాని నోట్లో వేలు పెట్టి చూసేదాన్ని. పెదాలు వేలిని పట్టుకుని లాగితే దవడలు బాగున్నాయని ఊపిరి పీల్చుకునేదాన్ని. రోజుకి ఎన్నిసార్లు చూసేదాన్నో.

అలా ఉండగా అమ్మకి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు కాలిపోయేది. పాలు ఇంకిపోయాయి. నాయనమ్మ గుడ్డ తడిపి పంచదార నీళ్ళు పట్టించింది. చెల్లి వాటితో ఊరుకోలేదు. దాని ఏడుపు సన్నబడుతూ వచ్చింది.

ఒక సాయంత్రం అయ్య సముద్రం మీదే ఉన్నాడు. నాయనమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని సంతకి వెళ్ళింది, మందు తెస్తానని. పొద్దు వాలుతున్నా రాలేదు. అమ్మ ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. నేను తడిక తలుపు వేసి, కర్ర అడ్డం పెట్టి, గంప పక్కన ముడుచుకున్నాను. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు.

తడిక అవతల ఎవరో నిలబడ్డారు. తడిక కింది సందులోంచి ఇసక అంటిన ఆడ పాదాలు కనబడ్డాయి.

“పిల్ల ఉన్నాదా?”

గొంతు మనిషి గొంతులా లేదు. బొంగురుగా, లోపల్నించి పీక్కొచ్చినట్టుంది. నేర్పిన మాట దానంతటదే వచ్చింది.

“నేదమ్మా.”

“పిల్లేదే?”

“నేదమ్మా... నేదు. సచ్చిపోనాది.”

పాదాలు కదల్లేదు. అప్పుడే గంప కింద చెల్లి కీచుమంది. నేను గోడకి అంటుకుపోయి గట్టిగా ఏడుపు అందుకున్నాను. ఎంత గట్టిగా ఏడ్చానంటే నా చెవులే మూసుకుపోయాయి. ఊపిరికి ఆగిన చోట చూస్తే, అడ్డం పెట్టిన కర్ర కింద పడి ఉంది. తడిక తీసుకుని ఆ మనిషి లోపలికి వంగి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. పొయ్యి వెలుతురు ముఖం మీద పడ్డాక గానీ గుర్తుపట్టలేదు. పడమటింటి అత్త. పిల్లాడు పోయాక ఎవరితోనూ మాట్లాడక, ఏడ్చి ఏడ్చి ఆ గొంతు అలా అయిపోయింది.

భయం తగ్గలేదు, రెట్టింపయింది. పిలుపు అంటుకున్న మనిషి. నేను గంప మీద పడి రెండు చేతులా పట్టుకున్నాను.

“తియ్యొద్దు. నేదు. నేదమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను, నేదు.”

ఆవిడ నా ముందు చతికిలబడింది. చీర గుండెల దగ్గర తడిసి ఉంది. నన్ను లాగలేదు, తిట్టలేదు.

“ఒలే, నువ్వేడిస్తే నా సీర తడవదే,” అంది. “అది ఏడిస్తే తడిసిపోతన్నాది. ఎన్నాళ్ళబట్టో తడిసిపోతన్నాది. నాకు తెల్దేటి?”

ఆ మాట నాకప్పుడు సరిగా అర్థం కాలేదు. కానీ నా చేతులు పట్టు వదిలేశాయి. ఆవిడ గంప ఎత్తింది. చెల్లిని ఒళ్ళోకి తీసుకుని రొమ్ముకి పెట్టుకుంది. చెల్లి రెండుసార్లు తల విదిలించి, పట్టుకుంది. గుటకలు నాకు వినబడ్డాయి. అత్త కళ్ళు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

“నేదమ్మా... తాగే నేదమ్మా... ఎవులడిగినా నేదమ్మా అనే సెప్తాను. ఇక్కడెవులూ నేదు. తాగే నేదమ్మా...”

అప్పుడే నాయనమ్మ వచ్చింది. తలమీద గంపతో గుమ్మంలో వంగి, చూసి, అలాగే ఉండిపోయింది. మనవరాలి నోట ఎవరి రొమ్ము ఉందో చూసింది. ఆవిడ పిడికిళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. ఇప్పుడు జుట్టు పట్టుకుని ఈడుస్తుందనుకున్నాను. అత్త కూడా అదే అనుకున్నట్టుంది, కళ్ళు తెరిచి, చెల్లి తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చెల్లి గుటకలే వినబడ్డాయి.

నాయనమ్మ గంప దించింది. వెనక్కి తిరిగి తడిక మూసి, కర్ర అడ్డం పెట్టింది.

“రెండో పక్క కూడా ఇయ్యి,” అంది. “దానికి సాలదు.”

తరవాత రోజూ అత్త వెనక దారిన వచ్చేది. అమ్మ జ్వరం తగ్గేసరికి చాలా రోజులు పట్టింది. లేచి కూచున్న రోజు, అత్త ఒళ్ళో పాలు తాగుతున్న చెల్లిని చూసి, చేయి చాపి అత్త పాదం పట్టుకుంది. అత్త పాదం వెనక్కి తీసుకోబోతే వదల్లేదు.

నెల దాటింది, రెండోదీ దాటింది. ముసుర్లు పోయి ఎండ కాసిన ఒక పొద్దున అయ్య చెల్లిని ఎత్తుకుని ఒడ్డుకి వెళ్ళాడు. వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు పనులాపి చూశారు. మోసం చేశామని అరుస్తారేమోనని నాయనమ్మ ముందే నడుముకి చీర బిగించుకుని నిలబడింది. పక్కింటి ముసలమ్మ దగ్గరికొచ్చి చెల్లి బుగ్గ నొక్కింది.

“మాకు తెల్దనుకున్నావేటి? గుంట ఏడుపు మాకినబడదేటి? అడిగితే దానికి తెలిసిపోద్దని అడగనేదు.”

నాయనమ్మ ఇసకలో కూలబడిపోయింది. సగం పేటకి తెలుసు. తెలిసి, అందరూ కలిసి పిల్ల లేనట్టే మసిలారు.

కులపెద్ద వచ్చి, “పేరేటెట్టినారు?” అని అడిగాడు. అయ్య నాయనమ్మ వైపు చూశాడు, నాయనమ్మ అత్త వైపు చూసింది. అత్త అందరికీ దూరంగా నిలబడి ఉంది. “నేదమ్మ” అంది.

“పేరు నేదా?”

“పేరే నేదమ్మ,” అంది నాయనమ్మ. “పిలిసినప్పుడల్లా, ఇనీదానికి నేదమ్మా అనే ఇనబడాల.”

ఆయన నవ్వలేదు. తలాడించాడు.

ఆ ఏడే మా పేటలో మరో నేదమ్మ పుట్టింది, ఆ పై నెల్లో ఒక నేదయ్య. చేపల గంపలతో ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళు ఆ పేరుని పక్క పేటలకి మోసుకెళ్ళారు. పురుడు పోసుకోవడానికి పుట్టిళ్ళకి వచ్చినవాళ్ళు తమతో తీసుకుపోయారు. రైతుల ఇళ్ళలో కూడా, పిల్లలు నిలవని చోట, ఆ పేరు పెట్టారని విన్నాం. సంతలో “నేదమ్మా” అని కేకేస్తే నలుగురు తల్లులు తమ పిల్లల్ని చూసుకునేవారు. బడిలో మాస్టారికి ఆ పేరు మింగుడు పడక మా చెల్లిని వేదమ్మ అని పిలిచేవాడు. అది పలికేది కాదు, దెబ్బలు తినేది, పలికేది కాదు.

పేరు అందర్నీ కాపాడలేదు. మా వీధి చివర ఇంట్లో పుట్టిన నేదమ్మ పదిరోజులు కూడా ఉండలేదు. ఆ తల్లి పిల్లని ఒళ్ళో పెట్టుకుని “నేదమ్మా, నేదమ్మా” అని ఏడుస్తుంటే, పిల్లని పిలుస్తోందో, పిల్ల లేదని చెబుతోందో వినేవాళ్ళకి తెలియలేదు. నేను చెవులు మూసుకుని ఇంటికి పరిగెత్తి మా చెల్లి నోట్లో వేలు పెట్టి చూశాను. దానికప్పటికి పళ్ళొచ్చాయి, కొరికింది.

తరవాత్తరవాత ఒక నర్సమ్మ సైకిలు మీద రావడం మొదలెట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళకి సూదులు వేసేది, బొడ్డు కోసే బ్లేడు మరిగించమనేది. అది ధనుర్వాతం అని ఆవిడ చెబితే విన్నాం. పిల్లలు నిలబడ్డారు. కొన్నేళ్ళకి ఆ పేరు పెట్టడం కూడా మానేశారు. పిల్లలకి సినిమావాళ్ళ పేర్లు వచ్చాయి. మా చెల్లిని ఎర్రగా కాల్చిన కత్తి కాపాడిందో, అత్త పాలు కాపాడాయో, పేటంతా నోరు మూసుకోవడం కాపాడిందో నేనెవర్నీ అడగలేదు. నాయనమ్మకైతే అనుమానమే లేదు. ఆ ఒడ్డున తిరిగేది మోసపోయి వెళ్ళిపోయిందని పోయేదాకా నమ్మింది.

పడమటింటి అత్తకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. చెల్లి ఆవిడ ఇంట్లో సగం, మా ఇంట్లో సగం పెరిగింది. పెళ్ళయి వెళ్ళాక కూడా పండక్కి ముందు ఆ గుమ్మం తొక్కి తరవాతే మా ఇంటికొచ్చేది. అమ్మ ఒక్కనాడు తప్పుపట్టలేదు.

అత్త పోయినప్పుడు నేనూ వెళ్ళాను. అప్పటికి పేటలో పాతవాళ్ళు తక్కువ. తాటాకు ఇళ్ళు పోయి డాబాలు వచ్చాయి. కర్మ చేయించడానికి బయట ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి, నీళ్ళకుండ ఎవరు ఎత్తుకోవాలో తేల్చడానికి, “ఈవిడకి పిల్లలున్నారా?” అని అడిగాడు.

మూల కూచున్న ఒక ముసలమ్మ, “నేదమ్మ” అంది.

ఆయన లేరని అర్థం చేసుకుని, అత్త మరిది కొడుకుని రమ్మని చేయి ఊపాడు. అతను ఒక అడుగు వేసి ఆగిపోయాడు. చెల్లి గుంపులోంచి ముందుకొచ్చింది. అప్పటికే దాని జుట్టు నెరిసింది. వంగి కుండ ఎత్తి భుజాన పెట్టుకుంది. నీళ్ళు తొణికి దాని చీర తడిసింది.

“నువ్వేమవుతావమ్మా ఆవిడకి?” అన్నాడాయన.

“కూతుర్ని,” అని చెల్లి ముందు నడిచింది.